స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలి?

నాకు కారు నడపడం రాదు. పక్క సీట్లో కూర్చుని, బ్రేకు లేనిచోట కాలితో గట్టిగా తొక్కడం మాత్రం బాగా వచ్చు. అలాంటిదాన్ని రేసుకారు ఇంజన్ గురించి రాస్తున్నానంటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి, ఫర్వాలేదు. మా తమ్ముడూ నవ్వాడు. "అక్కయ్యా, నువ్వు బి.ఎ.లో చదివింది తెలుగు సాహిత్యం కదా, నీకెందుకు ఈ గ్రీజు గొడవ?" అన్నాడు.

మా తమ్ముడు మద్రాసులో ఉంటాడు. చెన్నై అనాలిగాని, మా నాన్న కోడంబాకంలో ఫిల్ము లేబొరేటరీలో పనిచేసి మమ్మల్ని పెంచిన ఊరు నాకెప్పటికీ మద్రాసే. తెలుగు సినిమావాళ్ళు ఒక్కొక్కరే హైదరాబాదు తరలిపోయినా నాన్న కదల్లేదు. పెళ్ళయి నేను విజయవాడ వచ్చేశాను. తమ్ముడు అక్కడే ఉండిపోయి, శ్రీపెరుంబుదూరు రోడ్డులో ఒక రేకుల షెడ్డు వేసుకుని రేసు ఇంజన్లు తయారుచేస్తున్నాడు. తయారుచేయడమంటే కొత్తవి పుట్టించడం కాదు. మనం బజారుకీ బడికీ తిప్పే కార్ల ఇంజన్లనే విప్పి, లోపలి సామాను మార్చి, పరుగు నేర్పి పంపిస్తాడు. దగ్గర్లోనే ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాకు ఉంది. ఒక చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. అది రాకముందు పందాలు షోలవరంలో, యుద్ధకాలం నాటి పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. నాన్న స్నేహితులతో కలిసి చూడ్డానికి వెళ్ళేవారు. చూసొచ్చి ఊరుకుంటే బాగుండేది. ఇంటికొచ్చి పిల్లలకు కథలుగా చెప్పారు. ఫలితం ఈ షెడ్డు.

మొన్న వేసవిలో పదిహేను రోజులు వాడింట్లో ఉన్నాను. నవల చివరి మూడు అధ్యాయాలు ప్రశాంతంగా రాసుకోవాలని పైకి చెప్పిన కారణం. మా అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను. దాని సంగతి తర్వాత చెప్తాను.

రెండోరోజు పొద్దున్నే క్యారేజీ ఇచ్చిరావడానికి షెడ్డుకి వెళితే అక్కడ పెద్ద వాగ్వాదం జరుగుతోంది. ఇరవైనాలుగేళ్ళ కుర్రాడొకడు పాత ఎస్టీమ్ కారుని పందానికి సిద్ధం చేయించుకుంటున్నాడు. వాడికి కావలసింది ఊళ్ళో దొరికే వాటిలోకెల్లా పెద్ద కామ్. అంతేకాదు, కామ్ ఏదో తేలకముందే ఎక్కడినించో మహాగట్టి వాల్వు స్ప్రింగులు పదహారూ కొనుక్కొచ్చి బల్లమీద పెట్టాడు. మా తమ్ముడు వాటివంక చూసి, "కాళ్ళు కొలవకుండా చెప్పులు కొన్నావన్నమాట" అన్నాడు.

నాకు అర్థమయినంతలో చెప్తాను. ఇంజన్ కూడా మనలాగే ఊపిరి పీల్చి వదులుతుంది. పీల్చడానికి కొన్ని తలుపులు, వదలడానికి కొన్ని. ఆ తలుపులే వాల్వులు. వాటిని తోసి తెరిచేది కామ్‌షాఫ్టు. అదొక ఇనప కడ్డీ. దానిమీద వరసగా కోడిగుడ్డు ఆకారంలో గుబ్బలుంటాయి. కడ్డీ తిరుగుతూంటే గుబ్బ మొన వచ్చి వాల్వుని నొక్కుతుంది. మొన దాటిపోగానే వాల్వు మూసుకోవాలి. ఇక్కడే ఉంది తమాషా. గుబ్బకి తోయడం వచ్చుగాని లాగడం రాదు. తెరవగలదు, మూయలేదు. మూయవలసింది స్ప్రింగు. ఇంజన్ నిమిషానికి 7000 చుట్లు తిరుగుతోందంటే కామ్‌షాఫ్టు అందులో సగం, 3500 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో వాల్వూ సెకనుకి 58 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. మీరీ వాక్యం చదివేలోపల ఎన్నిసార్లో లెక్కవేసుకోండి.

ఇంతకీ పెద్ద కామ్ అంటే ఏమిటి? తలుపుని ఎక్కువ ఎత్తుకి లేపి, ఎక్కువసేపు తెరిచి ఉంచేది. ఆ సేపుని వీళ్ళు డిగ్రీల్లో చెప్తారు. ఇంటి కార్లో అది 240, 250 దగ్గరుంటే, ఆ కుర్రాడు అడుగుతున్నది 300. బాగా వేగంగా తిరిగేటప్పుడు గాలి లోపలికి రావడానికి అసలు వ్యవధే ఉండదు కాబట్టి తలుపు ఆలస్యంగా మూసినకొద్దీ మంచిదే, ఇంకా ఇంకా జొరబడుతుంది. వదిలే తలుపూ పీల్చే తలుపూ కాసేపు కలిసి తెరిచి ఉన్నా లాభమే. పోయే పొగ కొత్త గాలిని తనవెంట లాక్కొస్తుంది. కాని నెమ్మదిగా తిరిగేటప్పుడు అదే తలుపు శత్రువవుతుంది. వచ్చిన గాలిని పిస్టను మళ్ళీ బయటికి తోసేస్తుంది, పోవలసిన పొగ వెనక్కి తిరుగుతుంది. మామూలు ఇంజన్ నిలబడి ఉన్నప్పుడు పిల్లిలా గురగురమంటుంది. పెద్ద కామ్ వేసింది ఆస్పత్రి వరండాలో ముసలాయనలా దగ్గుతుంది. పైన ఇచ్చినదాన్ని కింద తీసుకుంటుంది. రెండూ ఇచ్చే కామ్‌ని ఇంతవరకూ ఏ లేతు మీదా ఎవరూ చెక్కలేదని మా తమ్ముడు చెప్పాడు.

పాత షాఫ్టునే కొత్త కామ్‌గా మార్చే పద్ధతి కూడా ఉంది. గుబ్బకి కొత్తగా లోహం చేరుస్తారనుకున్నాను. కాదట. గుబ్బ మొనని అలాగే ఉంచి, దాని చుట్టూ ఉన్న గుండ్రటి భాగాన్ని అరగదీస్తారు. చుట్టూ తగ్గింది కాబట్టి మొన ఎత్తయినట్టు లెక్క. ఇది విన్నప్పుడు మన సాహిత్య సభలు గుర్తొచ్చాయిగాని ఆ విషయం ఇక్కడెందుకు!

తమ్ముడు ఆ కుర్రాణ్ణి ఒకే ప్రశ్న అడిగాడు. "ఒక చుట్టులో నీ ఇంజన్ ఏడువేల పైన ఎంతసేపు ఉంటుంది?" కుర్రాడు మాట్లాడలేదు. వీడు ల్యాప్‌టాప్ తెరిచి పాత పరుగుల గీతలు చూపించాడు. బండి ఎక్కువసేపు గడిపేది నాలుగున్నర వేలకీ ఏడువేలకీ మధ్యన. ప్రతి మలుపులోనూ కిందికి దిగి మళ్ళీ ఎక్కాలి. "నువ్వుండే చోటికి కామ్ తీసుకో. ఉండాలని కలలుకనే చోటికి కాదు" అన్నాడు. చివరికి 275 దగ్గర రాజీ కుదిరింది. కుర్రాడి మొహం పెళ్ళిచూపుల్లో రెండో సంబంధం ఒప్పుకున్నవాడిలా ఉంది.

కామ్ తేలాకే స్ప్రింగు మాట ఎత్తాలట. గుబ్బ ఆకారమెంత, వాల్వు బరువెంత, ఎన్ని చుట్లదాకా తిప్పుతావు అనే మూడూ తెలిస్తేగాని స్ప్రింగు బిగువు తేలదు. బిగువు చాలకపోతే ఒక వేగం దాటాక వాల్వు కామ్‌ని అనుసరించలేదు. గుబ్బ వెళ్ళిపోయినా అది గాల్లో తేలుతూ ఉంటుంది. దాన్నే 'ఫ్లోట్' అంటారు. ఈలోగా పిస్టను పైకి వచ్చేస్తుంది. ఆ తర్వాత జరిగేది మా ఇంట్లో ఒకసారి జరిగింది.

తమ్ముడికి ఇరవైరెండేళ్ళప్పుడు. మొదటి పందెం. కొత్త కామ్‌కే డబ్బు అయిపోయింది, స్ప్రింగులు పాతవే ఉంచేశాడు. ఒక స్ప్రింగు గంటసేపు ఏడువేల మీద పనిచేస్తే రెండు లక్షల పదివేలసార్లు నలుగుతుంది. పాతబడినకొద్దీ బిగువు తగ్గుతుంది. ఆ సంగతి వాడికి తెలుసు. తెలిసీ, 'ఏం కాదులే' అనుకున్నాడు. నాలుగో చుట్టులో ఒక వాల్వు తేలిపోయి పిస్టన్ని తాకింది. తల విరిగి సిలిండర్లో పడింది. ఇంజనంతా ముక్కలు. అప్పు తీర్చడానికి అమ్మ రెండు గాజులు అమ్మింది. నాన్న ఒక్కమాట అనలేదు. చిన్నప్పటినించీ వాణ్ణి ఎవరూ ఒక్కమాట అనలేదు. మగపిల్లాడు, ఆఖరివాడు. "ఆ రోజు ఎవరైనా ఓ చెంపదెబ్బ కొడితే బాగుండుననిపించింది అక్కయ్యా" అని ఇన్నేళ్ళ తర్వాత నాతో అన్నాడు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, స్ప్రింగులు అక్కర్లేదని నేను వాదించబోతున్నానని మీరనుకోకూడదు.

"అయితే ఆ కుర్రాడు తెచ్చిన గట్టివి వేసేస్తే భయం లేదుగా?" అన్నాను. భద్రత కోసం నాలుగు కుట్లు ఎక్కువ వేసే జాతి కదా మనది. తమ్ముడు ఆ స్ప్రింగుల్లో ఒకటి కొలిచే యంత్రంలో పెట్టి నొక్కాడు. కావలసినదానికి దాదాపు ఒకటిన్నర రెట్లుంది. "వేస్తే మొదటిరోజు నీకేం తెలీదు. బండి బాగానే పోతుంది. మీటర్లో ఏమీ కనపడదు. ఆ అదనపు బిగువంతా వెళ్ళి గుబ్బ మొనమీద కూర్చుంటుంది. మొనమీద ఆయిలు పొర నిలవదు. కొన్ని పందాల తర్వాత బండికి 'ఏదో బద్ధకంగా ఉంది' అంటారు. విప్పి చూస్తే గుబ్బ ఉండదు, గుండ్రంగా అయిపోయి ఉంటుంది" అన్నాడు. షెడ్డులో ఒక మూలనించి అలాంటి షాఫ్టొకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఏడు గుబ్బలు నున్నగా, వాడిగా ఉన్నాయి. ఎనిమిదోది, మా నాయనమ్మ వేలికి యాభైయేళ్ళున్న ఉంగరంలా అరిగి ఉంది. తెరవడమే మర్చిపోయిన కామ్ అది.

ఆ షాఫ్టుని పట్టుకుని నేను చాలాసేపు నిలబడిపోయాను.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి చెప్పాలి. పదిహేడేళ్ళు. ఇంటర్ మొదటి సంవత్సరం ఎం.పి.సి. ఒక రెసిడెన్షియల్ కాలేజీలో పూర్తిచేసింది. పేరెందుకు, మన రాష్ట్రాల్లో అలాంటివి మీకు తెలియనివి కావు. తెల్లవారుజామున అయిదింటికి లేపుతారు, రాత్రి పదిన్నరకి పడుకోబెడతారు. ఫోను లేదు, కథల పుస్తకం లేదు, నెలకో ఆదివారం తల్లిదండ్రులు. చేర్పించే ముందు నేనూ మావారూ నాలుగు కాలేజీలు తిరిగాం. ప్రతిచోటా నేనడిగిన ప్రశ్న ఒకటే: "క్రమశిక్షణ ఎలా ఉంటుంది?" ఎక్కడ ఎక్కువ గట్టిగా ఉందంటే అక్కడ చేర్చాం. పిల్ల ఎలాంటిది, దేనికి లేస్తుంది, ఎంతవరకు తిరగగలదు అనేది ఎవరూ అడగలేదు. వాళ్ళని ఏమనగలను, నేనే అడగలేదు! ఆడపిల్లల మనసుల మీద ఇన్ని నవలలు రాసినదాన్ని.

సంవత్సరం తిరిగేసరికి మార్కులు బాగానే వచ్చాయి. బండి బాగానే పోతోందన్నమాట. కాని పిల్ల ఇంటికొచ్చాక దేనికీ 'వద్దు' అనదు, 'కావాలి' అనదు. పెరుగన్నం పెడితే పెరుగన్నం, పులిహోర పెడితే పులిహోర. వంటింట్లోకొచ్చి గిన్నెలు మోగించి పాటలు పాడేది. ఇప్పుడు 'ఏమ్మా' అంటే 'ఏం లేదమ్మా' అంటుంది. మావారు దాన్ని 'బుద్ధిమంతురాలయింది' అన్నారు. నాకు మాత్రం భయం వేసింది. జూన్‌లో తిరిగి పంపాలా వద్దా అని తేల్చుకోలేక దాన్ని తీసుకుని తమ్ముడింటికి పారిపోయానన్నది అసలు కారణం. నవల మిష.

మన కుట్టుమిషన్ లోపల కూడా ఒక కామ్ ఉంటుంది, దారాన్ని పైకీ కిందికీ ఎత్తే మీటని అదే ఆడిస్తుంది. పక్కన దారం బిగువుకి చిన్న స్ప్రింగు. పట్టుగుడ్డ పెట్టినప్పుడు ఏం చేస్తాం? ముందు గుడ్డ చూసి, ఒక ముక్కమీద కుట్టి చూసి, అప్పుడు ఆ మర తిప్పుతాం. వదులైతే అడుగున ఉచ్చులు పడతాయి, బిగువైతే దారం తెగుతుంది. ఎనిమిదో తరగతి నించీ ఈ పని చేస్తున్నాను నేను. జాకెట్టుగుడ్డకి ఇచ్చిన ఆ మాత్రం ఆలోచన కూతురికి ఇవ్వలేదు.

ఇవన్నీ తమ్ముడితో అంటే వాడు విసుక్కున్నాడు. "మనుషులకీ ఇంజన్లకీ ముడిపెట్టకు. దీన్నైతే రేపు విప్పి చూసుకోవచ్చు. వేగం ఎంతవరకో ముందే రాసిపెట్టుకోవచ్చు. పిల్లకి ఎంతవరకో ఎవరు కొలిచారు?" నిజమే. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. పిల్లలు ఎంతవరకు తిరగగలరో తిప్పిచూస్తేగాని తెలియదనేవాళ్ళ వాదనా పూర్తిగా అబద్ధం కాదు. వాళ్ళు పంపినవాళ్ళు ఐ.ఐ.టి.ల్లో చేరుతున్నారు కూడా. అసలు స్ప్రింగునే నమ్మని ఇంజన్లూ ఉన్నాయట. 1954లో మెర్సిడెస్ వాళ్ళు తమ రేసుకారులో వాల్వుని తెరవడానికొక గుబ్బ, బలవంతంగా మూయడానికింకో గుబ్బ పెట్టారు. గెలిచారు కూడా. డుకాటి మోటారుసైకిళ్ళు ఆ పద్ధతినే దశాబ్దాలపాటు నిలబెట్టాయి. 1986లో రెనో వాళ్ళు స్ప్రింగులు తీసేసి ఆ స్థానంలో ఒత్తిడిపెట్టిన వాయువుని వాడారు. ఇక 2023లో మన హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరిగెత్తిన ఫార్ములా-ఇ కార్లలో కామే లేదు, అన్నీ కరెంటువి. కాబట్టి తమ్ముడి షెడ్డులో నేర్చుకున్నదే లోకధర్మమని అనబోవడం లేదు. కాని తెరవడం మూయడం రెండూ బలవంతమే అయినచోట కొలతలు ఎంత సన్నంగా ఉండాలో, ఎన్నిసార్లు విప్పి సరిచూడాలో కూడా తమ్ముడే చెప్పాడు. మనం పిల్లల్ని పంపేచోట అలా విప్పి చూసే తీరిక ఎవరికుంది?

నాలుగోరోజో అయిదోరోజో మా అమ్మాయి షెడ్డుకి రావడం మొదలుపెట్టింది. మొదట ఒక స్టూలు మీద కూర్చునేది. తర్వాత నట్లు లెక్కపెట్టి డబ్బాల్లో వేసేది. తమ్ముడు దానితో ఏమీ మాట్లాడేవాడు కాదు, పని మాత్రం అందించేవాడు. ఒక సాయంత్రం కుర్రాడికీ తమ్ముడికీ మళ్ళీ వాదన. ఏడువేలు కాదు, ఏడున్నర వేలదాకా తిప్పుకోనిమ్మని వాడు. అప్పుడు స్ప్రింగు ఇంకా గట్టిది కావాలని వీడు. వేగం పెరిగితే కావలసిన బిగువు దాని వర్గంతో పెరుగుతుందట. వేగం రెట్టింపైతే బిగువు నాలుగు రెట్లు. మూలనించి మా అమ్మాయి, "మామయ్యా, పదిహేను శాతం ఎక్కువ కావాలి. కాని బిగువే ఎందుకు పెంచాలి? వాల్వు బరువు తగ్గిస్తే సరిపోతుంది కదా?" అంది.

ఏడాది తర్వాత దాని నోటినించి నేను విన్న మొదటి 'ఎందుకు' అది.

తమ్ముడు నావంక చూడలేదు. "ఎలా తగ్గిస్తావు?" అన్నాడు దాన్ని. స్ప్రింగు పైన ఉండే చిన్న టోపీలాంటి రిటైనర్ ఉక్కుది కాకుండా టైటానియంది వేస్తే తేలికవుతుందని, వాల్వు కాడ సన్నంగా ఉన్నది దొరుకుతుందని కుర్రాడు చెప్పాడు. ముగ్గురూ కాగితాలమీద లెక్కలు వేసుకున్నారు. ఖర్చు లెక్క వేసేసరికి కుర్రాడు ఏడువేలకే ఒప్పుకున్నాడనుకోండి, అది వేరే సంగతి. నేను ఆ మూలనే నిలబడి, మా పిల్లమీద ఇంతకాలం బిగువు పెంచుకుంటూ వచ్చినవాళ్ళమేగాని, దాని నెత్తిన పెట్టిన బరువులో ఒక్క గ్రాము ఎవరమైనా తగ్గించామా అనుకున్నాను. మేనత్త కొడుకు ర్యాంకు, మావారి అన్నగారి అమ్మాయి అమెరికా, 'నీకోసమే ఇదంతా' అనే నా పాట. అవన్నీ ఆ చిన్న వాల్వు మోస్తూ సెకనుకి యాభైయెనిమిదిసార్లు లేస్తోంది.

మర్నాడు పిస్టను పైన పిల్లలాడుకునే మట్టిముద్ద అతికించి, హెడ్డు బిగించి, ఇంజన్ని చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పారు. మళ్ళీ విప్పి, వాల్వు అద్దిన చోట మట్టిని బ్లేడుతో కోసి మందం కొలిచారు. అంత పెద్ద యంత్రానికి ఇంత చపాతీపిండి పరీక్ష! రెండు మిల్లీమీటర్లకి తగ్గకూడదట. కోసింది మా అమ్మాయే. "రెండు పాయింటు మూడు" అని అరిచింది. అరవడం! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోబోతే చేతికున్న గ్రీజు మొహానికంటింది. ఆ మొహం చూసి అది నవ్వింది.

పందెంలో కుర్రాడు నాలుగోవాడుగా వచ్చాడు. పెద్ద కామ్ వేసుంటే మొదటివాణ్ణయ్యేవాణ్ణని ఇప్పటికీ వాడి నమ్మకం. విప్పి చూస్తే గుబ్బలన్నీ మేము వేసినప్పటిలాగే ఉన్నాయని తమ్ముడు ఫోన్లో చెప్పాడు.

ఇంటికొచ్చి మావారితో, ఆ కాలేజీకి పంపనన్నాను. ఇంటినించి వెళ్ళొచ్చే కాలేజీలో రెండో సంవత్సరం చదువుతుంది, పరీక్షలన్నీ రాస్తుంది, పొద్దున్నే ఆరింటికి లేపే బాధ్యత నాది అన్నాను. ఆయన చాలాసేపు పేపరు చదివి, "కట్టిన ఫీజు?" అన్నారు. సగం తిరిగి రాదు. అది కూడా చిన్న మొత్తం కాదు. మా అమ్మ గాజుల కన్నా ఎక్కువే. "రేపు ర్యాంకు రాకపోతే నన్నడక్కు" అన్నారు. అడగను. తప్పు నాదే అవుతుందని నాకు తెలుసు, అయినా రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదు.

నిన్న పొద్దున్న ఆరింటికి లేపబోతే, "అయిదు నిమిషాలమ్మా, ప్లీజ్" అని దుప్పటి ముసుగేసుకుంది. లాగెయ్యాలా, వదిలెయ్యాలా అని గడియారం వంక చూస్తూ మంచం పక్కనే నిలబడ్డాను.